బీడులోని చెద, చేనులోని చెద
(ప్రసంగ పాఠము)



చెద అను మాట వినగానే గృహస్థులకు గుండె ఝల్లుమనును. దూలములు, ద్వారబంధములు, అటకమీది పెట్టెలు, పెట్టెలలోని కాగితములు ఒక్కసారిగా జ్ఞాపకమునకు వచ్చును. నా చిన్ననాట మా యింట ఒక పాత భోషాణ ముండెడిది. మా తాతగారి వ్రాతపుస్తకములను, భూముల దస్తావేజులను అందు భద్రపరచియుండిరి. ఒక వర్షాకాలమున మా తండ్రిగారు మూత తెఱచి చూడగా పుస్తకముల పైయట్టలు చెక్కుచెదరక యున్నవి. చేయి తగులగానే అట్ట క్రుంగిపోయినది. లోపల మన్ను తప్ప మఱేమియు లేదు. నాటినుండి ఆయన చెదపై పగబట్టిరి. మా చేనిగట్టున ఎన్నియో యేండ్లుగా ఉన్న పెద్దపుట్టను గడ్డపారలతో పడగొట్టించి నేల చదును చేయించిరి. మఱుసటి యేడు ఆ చేనిలోనే వేరుసెనగకు చెద మునుపటికంటె ఎక్కువగా పట్టినది. "పుట్టను పడగొట్టితిమి గదా, ఈ చెద యెక్కడనుండి వచ్చినది?" అని ఆయన ఊరివారి నందఱిని అడిగిరి. ఎవరును సమాధానము చెప్పలేకపోయిరి.

ఆ ప్రశ్నకు సమాధానము నాకు చాల యేండ్లకు గాని దొరకలేదు. దొరికినది మన దేశమున గాదు; ఆఫ్రికాఖండములోని పచ్చికబయళ్ళను గూర్చిన గ్రంథములలో. ఆ సంగతులనే నేడు మీకు మనవిచేయ దలచితిని.

మొట్టమొదట ఒక పొరపాటును దిద్దుకొనవలెను. పుట్టలను చీమలు పెట్టుననియు, పాములు వచ్చి చేరుననియు లోకమున వాడుక. పాములు చేరుట నిజమే గాని, మన పొలములలో కనబడు ఎత్తైన మట్టిపుట్టలను పెట్టునవి చీమలు కావు, చెదలు. ఆంగ్లేయులును వీనిని తెల్లచీమలనియే పిలిచిరి. చెదకును చీమకును చుట్టరికము లేదు. చీమ కందిరీగలకు దాయాది. చెదకు దగ్గర బంధువు మన వంటయింటి బొద్దింక. ఈ బంధుత్వము 2007లో వెలువడిన జన్యుపరిశోధనవలన స్థిరపడినది. నాటినుండి చెదలను ప్రత్యేక వర్గముగా గాక బొద్దింకల వర్గములోనే చేర్చుచున్నారు.

చెదలను గూర్చి శాస్త్రీయముగా వ్రాసిన మొదటివారిలో ఒకరికి మన తెలుగుదేశముతో సంబంధము కలదు. యోహాన్ గెర్హార్డ్ కోయెనిగ్ అను వైద్యుడు లిన్నేయస్ పండితుని శిష్యుడు. ఆయన తరంగంబాడిలోని డేనిష్ మిషనరీల వైద్యుడుగా దక్షిణదేశమునకు వచ్చి, తంజావూరు ప్రాంతపు చెదలను పరిశీలించి 1779లో ఒక గ్రంథము ప్రకటించెను. 1785లో కాకినాడ సమీపమున జగన్నాథపురములో మరణించెను. ఆయన గ్రంథము వెలువడిన రెండేండ్లకు, 1781లో, హెన్రీ స్మీత్‌మన్ అను ఆంగ్లేయుడు పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనె పుట్టలను వర్ణించుచు లండను రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. నాడు యూరపువారు ఆ వర్ణనలను చదివి ఆశ్చర్యపడిరి. నేటికి ప్రపంచమున సుమారు 3,000 చెదజాతులు గుర్తింపబడినవి. వానిలో సుమారు 300 మన దేశమున కలవు. ఇన్ని జాతులలో పంటలకును ఇండ్లకును చెప్పుకోదగిన నష్టము కలిగించునవి పదింట ఒకవంతైనను లేవు.

ఇక సవన్నా అనగానేమో చెప్పవలెను. అది అడవియు గాదు, ఎడారియు గాదు. ఎత్తైన గడ్డి, అక్కడక్కడ చెట్లు, కొన్ని నెలల వాన, పిమ్మట దీర్ఘమైన ఎండ, ఎండలో తఱచుగా కార్చిచ్చు: ఇది దాని స్వభావము. ఆఫ్రికాలో సెనెగలునుండి సూడానువఱకును, అటుపైని కెన్యా, టాంజానియా, జాంబియాలలోను ఈ భూములు వ్యాపించియున్నవి. బ్రెజిలు దేశపు సెర్రాడో, ఆస్ట్రేలియా ఉత్తరభాగము ఈ తెగలోనివే. మన దక్కను పీఠభూమి యందలి గడ్డిబీళ్ళలో చాల భాగము చెడిపోయిన అడవి గాదనియు, అది స్వతస్సిద్ధముగ సవన్నాయే యనియు నేటి శాస్త్రజ్ఞులు కొందఱు వాదించుచున్నారు.

ఇట్టి భూములలో చెద లేకున్న ఏమగును? తడి నేలలో రాలిన ఆకును, పడిన కొమ్మను బూజులును సూక్ష్మజీవులును కుళ్ళజేసి మట్టిలో కలుపును. ఎండిన నేలలో వానికి తగిన తేమ యుండదు. చెద అట్లుగాదు. అది నేల లోతులనుండి తడిమట్టిని తెచ్చి, తాను పోవుదారి పొడవునను మట్టిగూడు కట్టుకొని, ఆ నీడలోనే నడచి ఎండుకట్టెను చేరును. గోడలపై మనము చూచి చీపురుతో దులిపివేయు మట్టిచారలు ఆ దారులే. వేడిమి పెరిగినకొలది దాని పనియు పెరుగును. 2022లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించిన పరిశోధనలో, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో సూక్ష్మజీవులు కట్టెను జీర్ణింపజేయు వేగము రెండింతలైనను కాదనియు, చెదల వేగము దాదాపు ఏడింత లగుననియు తేలినది. కావున ఎండునేలకు ఎరువు తయారుచేయు ముఖ్యమైన పనివాండ్రలో చెద యొకటి.

అయితే చెదలన్నియు ఒకే పని చేయవు. వానిని తిండినిబట్టి విడదీసి చూచినచో వాని వైవిధ్యము సులభముగా బోధపడును. కొన్ని గడ్డిని కోసి తెచ్చి గాదెలలోవలె గూటిలో నిలువచేసికొనును. పశ్చిమాఫ్రికాలో ట్రైనర్విటెర్మిస్ అను జాతులు ఇట్టివి. వాని సిపాయిలకు తల ముందుభాగము కొమ్మువలె సాగియుండును. శత్రువు రాగానే ఆ కొమ్మునుండి జిగట రసమును చిమ్మును. కొన్ని ఎండుకట్టెను మాత్రమే తినును. మఱికొన్ని కట్టెను గాని గడ్డిని గాని తినవు, మట్టినే తినును. మట్టిలో కలిసిపోయిన జీర్ణపదార్థము వాని ఆహారము. క్యూబిటెర్మిస్ అను జాతి యిట్టిది. మోకాలెత్తున గొడుగు ఆకారముతో అది పెట్టు చిన్న పుట్టలు ఆఫ్రికా బయళ్ళలో వేలకొలదిగా కనబడును. మట్టిని తిను చెదలు ఏ పైరును తాకవు. నేలను గుల్లపఱచుటయు, సారమును మొక్కలకు అందునట్లు చేయుటయు వాని పని.

ఇక నాలుగవ తెగ చెదలు వ్యవసాయము చేయును. ఇది అతిశయోక్తి గాదు. అవి ఆకును, కట్టెను తిని విసర్జించిన పదార్థముతో తేనెపట్టువంటి దిమ్మెలను కట్టి, వానిపై ఒక విధమైన శిలీంధ్రమును పెంచును. తాము అరగించుకొనలేని కట్టెను ఆ శిలీంధ్రము మెత్తబఱచగా, పిమ్మట దానిని తినును. ఈ సేద్యము ఆఫ్రికాలో సుమారు మూడుకోట్ల యేండ్లకు పూర్వమే ఆరంభమైనది. తొలకరి వానలకు పుట్టలపైని, పుట్టలచుట్టును మొలచు తెల్లని గొడుగులు ఆ శిలీంధ్రపు పూతయే. మన పూర్వులు ఈ సంబంధమును గమనించియే దానికి పుట్టగొడుగు అని పేరు పెట్టిరి. ఆఫ్రికాలో మనిషిని మించిన ఎత్తుగల పుట్టలను నిర్మించు మాక్రోటెర్మిస్ ఈ సేద్యగాండ్ర తెగలోనిదే. మన పొలములలోని ఓడంటోటెర్మిస్‌ను ఈ తెగకు చెందినదే. ఇదే తెగలో మైక్రోటెర్మిస్ అను మఱియొక చిన్నజాతి కలదు. అది పుట్ట పెట్టదు. నేలలో చిన్న చిన్న అఱలు చేసికొని, ఒక్కొక్క అఱలో ఒక్కొక్క శిలీంధ్రపు దిమ్మెను ఉంచుకొని, వానిని సన్నని సొరంగములతో కలుపుకొనును. ఆ అఱలు నిలువెత్తు లోతున కూడ ఉండవచ్చును. పైనుండి చూచువారికి ఆ నేల క్రింద చెద యున్నదన్న జాడయే తెలియదు. ఈ జాతిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు.

ఒకచోట ఎన్ని జాతుల చెద లున్నవో లెక్కించుట ఎట్లు? పుట్టలను లెక్కించిన చాలదు. ఎక్కువ జాతులు పుట్ట పెట్టవు గదా. అందువలన శాస్త్రజ్ఞు లొక పద్ధతిని ఏర్పఱచుకొనిరి. 2000లో ప్రకటింపబడిన ఆ పద్ధతి ప్రకారము 100 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల ఒక పట్టీని కొలిచి, దానిని 20 ముక్కలుగా విభజింతురు. ఒక్కొక్క ముక్కలో ఇద్దఱు మనుష్యులు అరగంటసేపు వెదకవలెను. చిన్న గుంటలు త్రవ్వి మట్టిని చిదిపి చూతురు. పడిన కొమ్మలను చీల్చుదురు. చెట్ల మొదళ్ళను, వానిపై మట్టిచారలను పరీక్షింతురు. దొరికిన చెదలను సారాయములో వేసి, సిపాయిల తలలను, దవడలను చూచి జాతులను నిర్ణయింతురు. అడవిలోను, బీడులోను, చేనిలోను ఒకే విధముగా ఇట్లు వెదకినందున ఒకదానితో ఒకటి పోల్చి చూచుటకు వీలగును.

ఇప్పుడు నైజీరియాకు పోదము. ఆ దేశపు నడుమ మొక్వా అను ఊరికడ సవన్నా భూమి కలదు. 1970వ దశకములో వుడ్, జాన్సన్, ఒహియాగు అను శాస్త్రజ్ఞులు అక్కడి సహజమైన బయళ్ళను, వాని ప్రక్కనే చెట్లు కొట్టి దున్ని మొక్కజొన్న వేసిన పొలములను పరీక్షించిరి. బయళ్ళలో గడ్డిని కోయునవి, మట్టిని తినునవి, కట్టెను తినునవి, శిలీంధ్రమును పెంచునవి అన్నియు కలిసి బ్రదుకుచుండెను. దున్నిన పొలములో గడ్డిని కోయు చెదలు తగ్గిపోయెను, మట్టిని తినునవి తగ్గిపోయెను, పుట్టలు పెట్టునవి తగ్గిపోయెను. ఒక్క మైక్రోటెర్మిస్ మాత్రము తగ్గకపోగా ఇంకను పెరిగెను. మొక్కజొన్నను తిన్న చెద అదియే.

కారణములు ఆలోచించిన విచిత్రము లేదు. నాగలికి మొదట బలియగునవి నేలపైని గూళ్ళు. గడ్డి పోయినచో గడ్డిని కోయువాని తిండి పోయెను. చెట్టునీడ పోయి, మట్టి ఎండకు కాగి, జీర్ణపదార్థము హరించుకొని పోగా మట్టిని తినువానికి ఇల్లును తిండియు రెండును పోయెను. మైక్రోటెర్మిస్ గూళ్ళు నాగటికఱ్ఱు చేరలేని లోతున ఉన్నవి. దాని శిలీంధ్రమునకు పైరు మోళ్ళైనను చాలును, వేళ్ళైనను చాలును. మొదట ఎండిన మోళ్ళను తినును. రైతు మోళ్ళను పెరికి తగులబెట్టినచో తినుటకు మిగిలినది పచ్చని పైరే. పోటీపడు జాతులు ముందే తొలగిపోయినవి. ఇట్లు మనము తెలియకయే వందలాది యేండ్లుగా కలిసియున్న పెక్కు జాతులను వెడలగొట్టి, మనకు కీడుచేయు ఒక్క జాతికి పొలమంతయు అప్పగించితిమి.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. సుమాత్రా ద్వీపపు వర్షారణ్యములో చేసిన ఒక పరిశోధన 2003లో వెలువడినది. అక్కడ చెక్కుచెదరని అడవిలో 34 చెదజాతులు దొరకగా, అడవి కొట్టి కఱ్ఱపెండలము వేసిన తోటలో ఒక్క జాతి మాత్రమే దొరికినది. సవన్నాలో పతన మింత కంటికి గొట్టునట్లు కనబడదు. ఎండకు, కార్చిచ్చుకు అలవాటుపడిన జాతులు అక్కడ ముందునుండియే ఉన్నవి గనుక పొలములలో కూడ కొన్ని నిలిచియుండును. అందుచేత చేనిలో చెద విస్తారముగానే ఉన్నదని రైతు అనుకొనుటలో తప్పులేదు. తలల లెక్క తగ్గకపోవచ్చును. తగ్గినది పనుల లెక్క. ఊరిలో కుమ్మరి, వడ్రంగి, కమ్మరి అందఱును వలసపోయి ఒక్క వృత్తివారే మిగిలినచో జనసంఖ్య తగ్గకపోయినను ఊరి పనులు సాగవు గదా.

పుట్టలు పోవుటవలన కలుగు నష్టము పైరుతోనే ఆగదు. కెన్యాలోని లైకిపియా ప్రాంతమున మన నల్లరేగడివంటి నేలలు కలవు. అక్కడ ఓడంటోటెర్మిస్ పుట్టలు ఎవరో కొలిచి పెట్టినట్లు సమాన దూరములలో ఉండును. ఒక పుట్టలోని చెదలు ప్రక్క పుట్టవానిని తమ మేఱలోనికి రానీయకపోవుటయే ఇందులకు కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పుట్టకు దగ్గరనున్న చెట్లు బలముగా పెరుగుననియు, పురుగులును, వానిని తిను బల్లులును పుట్టలయొద్దనే ఎక్కువగా ఉండుననియు 2010లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. పుట్టలున్న నేల కఱవునకు తట్టుకొని నిలుచుననియు, వాన తిరిగి రాగానే అక్కడినుండియే పచ్చదనము మరల వ్యాపించుననియు 2015లో మఱియొక పరిశోధన గణితముతో చూపినది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గోధుమ పొలములలో, చీమలను చెదలను మందుతో చంపిన మళ్ళకంటె వానిని ఉండనిచ్చిన మళ్ళలో దిగుబడి 36 శాతము ఎక్కువగా వచ్చినదని 2011లో ప్రకటించిరి. ఆ సొరంగములగుండ వాననీరు నేలలోనికి ఇంకుటయు, నేలలో నత్రజని పెరుగుటయు ఇందులకు హేతువులు.

ఈ సంగతిని ప్రయోగశాల చూడని రైతులు ముందే ఎఱుగుదురు. పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసో అను దేశమున, యాటెంగా మండలములో, 1980 ప్రాంతమున ఘోరమైన కఱవులు వచ్చెను. నేల పైపొర రాతివలె గట్టిపడి వాననీరు పాఱిపోవుటయే గాని ఇంకుట లేదు. ఊళ్ళు ఖాళీయగుచుండగా యాకూబా సవడోగో అను రైతు తన గూర్గా గ్రామమునే అంటిపెట్టుకొని యుండెను. ఆ ప్రాంతమున జాయి అను పాతపద్ధతి యొకటి కలదు. ఎండకాలముననే జానెడు వెడల్పు గల గుంటలు త్రవ్వి, వానిలో పెంటయు ఆకును వేసి, వాన పడగానే జొన్నయో సజ్జయో నాటుదురు. ఆయన ఆ పద్ధతికి మెఱుగులు దిద్దెను. గుంటలోని పెంటకు చెదలు వచ్చి చేరును. అవి త్రవ్విన సొరంగములగుండ రాతినేల వాననీటిని త్రాగును. ఎవ్వరును ఖర్చుపెట్టకుండ, ఏ యంత్రమును రాకుండ నేల లోతుగా దున్నబడినట్లే. ఆ బంజరు పంటనేల యైనది. క్రమముగా సుమారు 40 హెక్టారుల అడవి కూడ లేచినది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అను అంతర్జాతీయ బహుమానము లభించెను. 2023లో ఆయన స్వర్గస్థుడయ్యెను. జాంబియా, మలావీ రైతులు పాతపుట్టల మన్నును పొలములకు ఎరువుగా చల్లుటయు ఇట్టి అనుభవజ్ఞానమే. మన దేశములో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలములకు పుట్టలను గుర్తుగా చెప్పెను. దేవాలయములలో అంకురార్పణమునకు పుట్టమన్ను తెచ్చు ఆచారము నేటికిని కలదు.

అయితే చెదవలన నష్టపడు రైతును ఓర్చుకొమ్మని చెప్పుట న్యాయము గాదు. ఎఱ్ఱనేలలలో వేరుసెనగ వేయువారికి ఆ బాధ తెలియును. చెద కాయ పైపొట్టును గీకివేయును. అంతటితో పోక, ఆ గీతలగుండ ఆస్పర్జిల్లస్ అను బూజు ప్రవేశించి కాయలో విషమును నింపును. కాబట్టి చెదను అదుపులో ఉంచవలసినదే. ఎట్లు ఉంచవలెనన్నదే ప్రశ్న. ఒకప్పుడు ఆల్డ్రిన్, డీల్డ్రిన్ అను మందులను నేలలో కలుపుచుండిరి. అవి ఏండ్ల తరబడి నేలలో నిలిచి, పాలలోనికిని మన శరీరములలోనికిని చేరుచున్నవని తెలిసినందున, 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో మొట్టమొదట నిషేధింపదలచిన 12 పదార్థములలో వానిని చేర్చిరి. మందు చేయలేని పనిని కొంతవఱకు మెలకువ చేయగలదు. బాగుగా చివుకని పెంటను చేనిలో వేయరాదు. అది చెదను పిలుచును. పూర్తిగా చివికిన ఎరువు, వేపపిండి మేలు. పైరునకు నీటి ఎద్దడి రానీయరాదు. వాడిన మొక్కనే చెద ముందు పట్టును. కాయ పండగానే ఆలస్యము చేయక పెరుకవలెను. ఆఫ్రికాలో బయటినుండి వచ్చిన మొక్కజొన్నకంటె ఆ నేలలోనే పుట్టిన జొన్న, సజ్జ చెదకు బాగుగా తట్టుకొనుచున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా గట్లపైని కొంత గడ్డిని, నాలుగు చెట్లను, పంటకు అడ్డురాని పాతపుట్టలను ఉండనిచ్చినచో తక్కిన జాతులకు నిలువ నీడ దొరకును.

మా తండ్రిగారి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. పుట్టలోని రాణి నేలమట్టమునకు దిగువనే ఉండును. పైకట్టడమును కూల్చినంతమాత్రమున అది చావకపోవచ్చును. ఇది యొక సమాధానము. రెండవది ఇంతకంటె పెద్దది. మా వేరుసెనగను తిన్న చెద ఆ పుట్టను పెట్టిన చెదయే కానక్కరలేదు. పుట్టలేని చెద, కంటికి కనబడని లోతున, మా కాళ్ళ క్రిందనే ఉండవచ్చును. ఒక్క యేటి పైరును చూచి ఇదే కారణమని ఖండితముగా చెప్పలేను. కాని కనబడిన పుట్టను శత్రువని పడగొట్టునపుడు, ఆ దెబ్బ ఎవరికి తగులుచున్నదో ఆయన ఎఱుగరు; మే మెవ్వరమును ఎఱుగము.

ఈ యేడు తొలకరి చినుకులు పడిన సాయంకాలమున మీ దీపముచుట్టు ఉసిళ్ళు ముసరును. అవి రెక్కలు రాల్చి, జంటలు కట్టి, క్రొత్త కాపురమునకు చోటు వెదకుకొను చెదలు. చీపురు చేతబట్టుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, పిల్లలను పిలిచి చూపుడు. వానిలో ఎక్కువభాగము మీ దూలముజోలికి గాని మీ పైరుజోలికి గాని రానివే. అవి పోవలసిన చోటు గట్టుమీది ఆ పాతపుట్టప్రక్కనున్న మెత్తని నేల. ఆ నేలను మనము మిగిల్చియుంచితిమా లేదా అన్నదానిపైననే, మఱి పదియేండ్లకు మన చేనిలో ఏ చెద మిగులునో ఆధారపడియున్నది.